నికోడెమస్ గ్రామము

ఒక గ్రామము పెరుగుటకును తరుగుటకును గల కారణములను తెలిసికొనగోరువారు ముందుగా ఆ గ్రామము నిలిచియున్న నేలను, అచట కురియు వానను, దాని చెంతనుండి పోవు మార్గములను పరిశీలింపవలెను. పిమ్మట ఆ నేలను ఆశ్రయించిన మనుష్యుల చరిత్రను చదువవలెను. అపుడే జనసంఖ్యను తెలుపు అంకెల అర్థము బోధపడును. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని నికోడెమస్ అను చిన్న వ్యవసాయ గ్రామము ఇందుకు చక్కని నిదర్శనము.

నికోడెమస్ కాన్సాస్ రాష్ట్రమున వాయవ్య దిశగా, గ్రేహాం కౌంటీలో ఉన్నది. కౌంటీ యనగా మన జిల్లా వంటిది. ఈ ప్రాంతము మహామైదానములలో ఒక భాగము. సముద్రమట్టమునకు సుమారు 2,000 అడుగుల ఎత్తున, అలలవలె లేచి పడుచుండు పచ్చికబయళ్లతో కనుచూపు మేర వ్యాపించియుండును. గ్రామమునకు దక్షిణమున సాలమన్ నదియొక్క దక్షిణపు పాయ ప్రవహించుచున్నది. చెట్లు వాగుల వెంబడి తప్ప మరెక్కడను విశేషముగా కానరావు. ఏటికి ఇరువది అంగుళములకు కొంచెము మించి మాత్రమే వర్షము కురియును. వేసవిలో వడగాలులు వీచును. శీతకాలమున మంచు పడును. ఇట్టి నేలలో గోధుమయు, జొన్నయు బాగుగా పండును. కాని వాన తప్పిన యేడు రైతు కష్టమంతయు వృథా యగును.

పూర్వము ఈ బయళ్లు అడవిదున్నల మందలతో నిండియుండెను. ఆదివాసులైన ఇండియను జాతులవారు వానిని వేటాడి జీవించుచుండిరి. వారిని తొలగించి ఆ భూములను స్వాధీనము చేసికొన్న పిమ్మట ప్రభుత్వము వానిని కొలిపించి, ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు గల చదరములుగా విభజించెను. ఈ చదరమునకు టౌన్‌షిప్ అని పేరు. కౌంటీలోని చిన్న పరిపాలనా విభాగములను కూడ ఆ పేరుతోనే పిలుతురు. కొలతకై ఏర్పడిన ప్రతి టౌన్‌షిప్పునందును 36 ఖండములు, ప్రతి ఖండమునందును 640 ఎకరములు ఉండును. 1862లో చేయబడిన హోమ్‌స్టెడ్ చట్టము ననుసరించి, ఖండములో నాలుగవ వంతు, అనగా 160 ఎకరములను, స్వల్పమైన రుసుము చెల్లించి పొందుటకు నాడు వీలుండెను. కాని ఐదు సంవత్సరములు అచట నివసించి, భూమిని సాగుచేసి చూపవలసియుండెను.

1865లో అమెరికాలో బానిసత్వము రద్దయ్యెను. నీగ్రోలని నాడు పిలువబడిన నల్లజాతివారు స్వతంత్రులైరి. అయినను దక్షిణ రాష్ట్రములలో వారికి సొంత భూమి లేదు. పూర్వపు యజమానుల పొలములలోనే పాలికాపులుగా పనిచేయవలసివచ్చెను. వారిపై దౌర్జన్యములును ఆగలేదు. ఆ సమయమున డబ్ల్యు. ఆర్. హిల్ అను శ్వేతజాతి వ్యాపారియు, డబ్ల్యు. హెచ్. స్మిత్ అను నల్లజాతి మతబోధకుడును కొందరితో కలిసి కాన్సాసులో ఒక గ్రామమును స్థాపింప సంకల్పించిరి. వారి ప్రకటనలను విని, 1877 సెప్టెంబరు మాసమున కెంటకీ రాష్ట్రమునుండి సుమారు మూడువందలమంది బయలుదేరిరి. ఎల్లిస్ స్టేషనులో రైలు దిగి, మిగిలిన దూరమును నడకతోను, బండ్లమీదను సాగించిరి.

వచ్చి చూడగా ఊరు లేదు, ఇండ్లు లేవు, కలప లేదు. అంతకుముందు వచ్చినవారు నేలను త్రవ్వి గుహలవంటి నెలవులు చేసికొని నివసించుచుండిరి. నేలలోనుండి పొగ వెలువడుట చూచి క్రొత్తవారు నివ్వెరపడిరి. కొందరు వెంటనే వెనుకకు మరలిరి. నిలిచినవారికి నాగళ్లు, గుర్రములు మిక్కిలి కొరత. పచ్చికవేళ్లు పెనవేసికొని గట్టిపడిన నేలను పలువురు పారలతోను, గొడ్డళ్లతోను చీల్చవలసివచ్చెను. ఆ మొదటి శీతకాలమున వేటనుండి మరలివచ్చుచున్న ఓసేజ్ జాతివారు తమ మాంసములో కొంత వారికిచ్చి ఆదుకొనిరని ఆ గ్రామస్థులు తరతరములుగా చెప్పుకొందురు.

క్రమముగా పంటలు పండెను, ఇండ్లు లేచెను. గ్రామమునకు మొట్టమొదటి ఉపాధ్యాయిని జెన్నీ ఫ్లెచర్. బానిసత్వకాలమున అనేక దక్షిణ రాష్ట్రములలో నల్లజాతివారికి చదువు నేర్పుట శిక్షింపదగిన నేరము. కావున బడి స్థాపించుట వారికి భూమిని సంపాదించుటతో సమానమైన కార్యము. 1880 తరువాతి సంవత్సరములలో నికోడెమస్‌లో అంగళ్లు, చర్చీలు, హోటళ్లు, ఒక బ్యాంకు, రెండు వార్తాపత్రికలు ఉండెను. అచట నివసించిన ఎడ్వర్డ్ మెకేబ్ 1882లో కాన్సాస్ రాష్ట్ర ఆడిటరుగా ఎన్నికయ్యెను.

అయితే ధాన్యమును సంతకు చేర్చుటకు రైలుమార్గము కావలెను. రైలును రప్పించుటకై గ్రామస్థులు ఋణపత్రముల మూలమున పదునారువేల డాలర్లు సమకూర్చుటకు అంగీకరించిరి. కాని 1888లో రైలుమార్గము నదికి ఆవల, కొన్ని మైళ్ల దూరమున పడెను. అంగళ్లవారిలో పెక్కురు తమ వ్యాపారములను పట్టాల చెంతకు తరలించుకొనిపోయిరి. అచట బోగ్ అను క్రొత్త ఊరు వెలసెను. నికోడెమస్ పట్టణము కాజాలక, రైతుల గ్రామముగా నిలిచిపోయెను.

1930 తరువాత వచ్చిన అనావృష్టి, ధూళితుపానులు, ధరల పతనము మరి కొన్ని కుటుంబములను తరిమివేసెను. యంత్రములు వచ్చిన పిమ్మట ఒక్క కుటుంబమే వందలకొలది, ఒక్కొక్కచోట వేలకొలది ఎకరములను సాగుచేయగలిగెను. 160 ఎకరముల కమతము జీవనమునకు చాలదయ్యెను. ఇది నికోడెమస్‌కు మాత్రమే పట్టిన గతి కాదు. గ్రేహాం కౌంటీలో 1910లో ఎనిమిది వేలకు మించియున్న జనసంఖ్య 2020 నాటికి 2,415కు దిగెను. నేల తగ్గలేదు, పంటయు తగ్గలేదు. దానిని పండించుటకు కావలసిన చేతులు మాత్రము తగ్గెను. నికోడెమస్ తపాలా కార్యాలయము 1953లోను, పాఠశాల 1960లోను మూతపడెను. 2020 లెక్కల ప్రకారము గ్రామమున ఇరువదిమంది కూడ లేరు.

అయినను గ్రామము అంతరించలేదు. పునర్నిర్మాణ కాలమున మిసిసిపీ నదికి పడమట నల్లజాతివారు స్థాపించిన గ్రామములలో నేటికిని జనావాసముగా నిలిచినది ఇది. పాఠశాల, రెండు చర్చీలు, పాత హోటలు, 1939లో కట్టిన టౌన్‌షిప్ భవనము అను ఐదు కట్టడములతో 1996లో ప్రభుత్వము దీనిని జాతీయ చారిత్రక స్థలముగా ప్రకటించెను. మొదటి కుటుంబముల సంతతివారిలో కొందరు ఇంకను ఆ పొలములను దున్నుచున్నారు. ఏటేట జూలై చివర దూరనగరములలో స్థిరపడినవారు వందలకొలది తమ పిల్లలతో అచటికి వచ్చి, పెద్దలు తలదాచుకొన్న చోటులను వారికి చూపుదురు. జనాభా లెక్కలు వ్రాయు ఉద్యోగి ఆ గ్రామమున కాపురమున్నవారిని మాత్రమే లెక్కించును. తమ ఊరేదని అడిగినపుడు నికోడెమస్ అని చెప్పువారు అంతకంటె ఎన్నోరెట్లు అధికముగా నున్నారు.