చిన్న గదికి తగిన ధ్వని యంత్రము

పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు. మన పట్టణములలో మధ్యతరగతి కుటుంబములు కాపురముండు ఇండ్లలో ముందు గది కొలతలు ఇంచుమించుగా ఇట్లే ఉండును. ఈ గదిలో గోడకు టెలివిజను తగిలించిన కొన్నాళ్లకు, పలుచని ఆ పెట్టె నుండి వచ్చు పీలధ్వని చాలక, హోమ్ థియేటర్ కొనవలెనను కోరిక పుట్టును. అంగడిలో మూడు రకములు కనిపించును. టెలివిజను క్రింద పెట్టు పొడవైన పట్టీవంటి సౌండ్‌బార్ ఒకటి. దానికి తోడుగా మంద్రధ్వనిని మాత్రమే పలుకు సబ్‌వూఫర్ అను పెట్టె ఉన్నది రెండవది. చుట్టూ ఐదు చిన్న స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ గలది మూడవది. ఏది మంచిదో తోచక, అట్టపెట్టెపై వాట్ల సంఖ్య ఎక్కువగా అచ్చయినదానిని చాలమంది కొని తెచ్చుకొందురు. ఇంటికి వచ్చిన పిమ్మట తుపాకులు బాగుగనే పేలును. మాటలు మాత్రము తెలియవు. "ఏమన్నాడురా?" అని ఇంటిలోని పెద్దవారు అడుగుచునే ఉందురు, పిల్లలు ధ్వనిని పెంచుచునే ఉందురు.

ఇందులో దోషము యంత్రమునదే అనుకొనుట పొరపాటు. మనము వినునది స్పీకరును మాత్రమే కాదు, స్పీకరును గదిని కలిపి వినుచున్నాము. గది చిన్నదైనకొలది దాని పాలు ఎక్కువగును. అంగడివాడు గదిని అమ్మడు కనుక ఆ విషయము చెప్పడు. కాని గదిని కొలుచుటకు ఒక టేపు, ఉన్నత పాఠశాలలో నేర్చిన భౌతికశాస్త్రము చాలును.

రెండు చివరల మూసిన గొట్టములో ధ్వని తరంగములు ఎట్లు ప్రవర్తించునో విద్యార్థులకు తెలిసినదే. గోడను తాకి మరలివచ్చు తరంగము, ఎదురుగా పోవు తరంగముతో కలిసి స్థిర తరంగమగును. ఎదురెదురు గోడలు గల గది కూడ అటువంటి గొట్టమే. గోడల మధ్య దూరము అర్ధ తరంగదైర్ఘ్యమునకు సమానమైనపుడు మొదటి అనునాదము కలుగును. అనగా ధ్వని వేగమును గది పొడవునకు రెండింతలైన సంఖ్యచే భాగించిన ఆ పౌనఃపున్యము వచ్చును. మన వేసవి గాలిలో ధ్వని వేగము సెకనుకు సుమారు 348 మీటర్లు. పన్నెండు అడుగులనగా 3.66 మీటర్లు. కావున పొడవు వెంబడి మొదటి అనునాదము 47 లేక 48 హెర్ట్జ్‌ల వద్ద కలుగును. పది అడుగుల వెడల్పునకు, అనగా 3.05 మీటర్లకు, 57 హెర్ట్జ్‌లు వచ్చును. ఎత్తు కూడ పది అడుగులే గనుక దానికిని అదే 57. రెండు దిక్కుల అనునాదములు ఒకేచోట పడినవి. ఆ స్వరము వచ్చినపుడెల్ల గది రెండింతలుగా మ్రోగును. డోలు దెబ్బ ఒకటి స్పష్టముగా, మరియొకటి గుమ్మని ఊదినట్లుగా వినిపించుటకు కారణమిదే. గది మూడు కొలతలును సమానమైనచో ఇంకను అధ్వాన్నము.

ఈ అనునాదములు గదియందంతటను ఒకే తీరున ఉండవు. గోడల వద్ద ఒత్తిడి మార్పులు అత్యధికముగా ఉండును. మొదటి అనునాదమునకు సరిగా నడిమిభాగమున అవి శూన్యమగును. అందుచే గది నడుమ కుర్చీ వేసుకొన్నవాడు ఆ మంద్రస్వరమును దాదాపు పోగొట్టుకొనును. వెనుక గోడకు సోఫా ఆనించుకొన్నవాడు దానిని అవసరమునకు మించి వినును. ఒకే సినిమా, ఒకే యంత్రము; కూర్చున్న చోటును బట్టి ఇద్దరి తీర్పు వేరు. వెనుక గోడ నుండి పొడవులో మూడవ వంతు దూరమున, అనగా పన్నెండడుగుల గదిలో నాలుగు అడుగులు ముందుకు కూర్చున్నచో, మొదటి రెండు అనునాదములును గోడ వద్ద ఉన్నదానిలో సరిగా సగము బలముతో వినబడును. సోఫాను అంత ముందుకు జరుపుట అన్ని ఇండ్లలోను సాధ్యము కాదు. ఒక అడుగు జరిపినను కొంత మేలు.

ఉపాధ్యాయులు దీనిని పిల్లలకు ప్రత్యక్షముగా చూపవచ్చును. నేటి మొబైల్ ఫోనులలో కోరిన పౌనఃపున్యమును పుట్టించు ఉపకరణములు ఉచితముగా దొరకును. ఫోను స్పీకరు అంత మంద్రస్వరమును పలుకలేదు కనుక దానిని సబ్‌వూఫర్‌కు కలిపి, లెక్కకు వచ్చిన స్వరమును మెల్లగా మ్రోగించి, గది ఈ చివర నుండి ఆ చివరకు నడచిన చాలును. గోడ వద్ద మ్రోత, నడుమ నిశ్శబ్దము, మరల మ్రోత. గొట్టములో నీటిమట్టము మార్చుచు చేయు ప్రయోగముకంటె ఇది పిల్లలకు ఎక్కువ కాలము గుర్తుండునని నా అనుభవము.

సబ్‌వూఫర్‌ను ఎచట ఉంచవలెనను ప్రశ్నకు కూడ సమాధానము ఇందులోనే ఉన్నది. హెల్మ్‌హోల్ట్జ్, రేలీ అను పండితులు పంతొమ్మిదవ శతాబ్దములో నిరూపించిన అన్యోన్యతా సూత్రము ప్రకారము, ధ్వని పుట్టు చోటును, వినువాని చోటును తారుమారు చేసినను ఫలితము మారదు. కావున పెట్టెను మీరు కూర్చుండు సోఫా మీద పెట్టి, తెలిసిన పాట ఒకటి పెట్టి, మీరు గోడల వెంబడి నేలకు వంగి ప్రాకుచు వినవలెను. ఎచట మంద్రస్వరములన్నియు సమముగా వినబడునో అచటనే పెట్టెను ఉంచవలెను. చూచువారికి నవ్వు వచ్చును గాని ఇంతకంటె చౌకయైన పద్ధతి లేదు. గది మూలలో పెట్టినచో అన్ని అనునాదములును పూర్తిగా రేగును. అంగళ్లలో మూలనే పెట్టి వినిపింతురు. ధ్వని గొప్పగా తోచును.

జర్మన్ భౌతికశాస్త్రజ్ఞుడు మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ చూపిన ఒక లెక్క ఇచట ఉపయోగించును. ప్రతినాద కాలమును గది ఘనపరిమాణముచే భాగించి, వర్గమూలము తీసి, రెండువేలచే గుణించిన ఒక పౌనఃపున్యము వచ్చును. దానికి దిగువ గదియే యజమాని. పైన స్పీకరు గుణము ప్రధానము. మన గది ఘనపరిమాణము 34 ఘనమీటర్లు. ప్రతినాద కాలము అర సెకను అనుకొన్నచో 240 హెర్ట్జ్‌లు వచ్చును. పెద్ద సినిమా హాలులో ఈ హద్దు ఎంతో దిగువన ఉండును. కనుకనే హాలులో బాగున్న పద్ధతి ఇంటిలో బాగుండదు.

ఇక పెట్టె పరిమాణము. చిన్న పెట్టె, లోతైన మంద్రస్వరము, తక్కువ శక్తితో ఎక్కువ ధ్వని, ఈ మూడును ఒకచోట దొరకవు, రెండింటినే కోరుకొనవచ్చును. పెట్టె పరిమాణము మారకుండ, అది పలుకవలసిన కనిష్ఠ పౌనఃపున్యమును సగమునకు దించినచో, సామర్థ్యము ఎనిమిదవ వంతునకు పడిపోవును. 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ ఈ చిక్కును మరియొక వైపు నుండి పట్టుకొన్నాడు. మూసిన చిన్న పెట్టెలోని గాలినే స్పీకరునకు స్ప్రింగుగా వాడి, పూర్వము బీరువా అంత పెట్టె చేయు పనిని పుస్తకాల అరలో పట్టు పెట్టెచే చేయించినాడు. అందుకు వెలగా యాంప్లిఫయరు నుండి ఎక్కువ శక్తి కావలసి వచ్చినది. నేటి చిన్న సబ్‌వూఫర్లలో మూసిన పెట్టె గలవన్నియు ఆ సంతతివే. మన గదికి ఆరు లేక ఎనిమిది అంగుళముల స్పీకరు గల, మూసిన పెట్టె చాలునని నా అభిప్రాయము. పన్నెండు అంగుళములది ఈ గదిలో పెట్టుట చిన్న తొట్టిలో ఏనుగును కడుగుటవంటిది.

వాట్ల సంగతి చూచెదము. ఒక మాదిరి స్పీకరు ఒక వాట్ శక్తితో ఒక మీటరు దూరమున సుమారు 86 డెసిబెల్‌ల ధ్వని ఇచ్చును. రెండున్నర మీటర్ల దూరమున, ఆరుబయటనైన 8 డెసిబెల్‌లు తగ్గును. గదిలో గోడలు కొంత తిరిగి ఇచ్చును. రెండు స్పీకర్లు కలిసి పనిచేసినపుడు ఒక్కొక్క వాట్‌తోనే దాదాపు 80 డెసిబెల్‌లు వచ్చుననుకొనవచ్చును. శక్తిని పదింతలు చేసిన 10 డెసిబెల్‌లు పెరుగును. చెవికి అది సుమారు రెండింతలుగా తోచును. కావున పది వాట్లతో 90, వంద వాట్లతో 100. నిజాయితీ గల 20, 30 వాట్లు ఒక్కొక్క స్పీకరునకు ఉన్నచో ఈ గదికి పుష్కలము. మరి అట్టపెట్టె మీద వేలకొలది వాట్లు ఎక్కడివి? 1990ల నాటి టేప్‌రికార్డర్లపై పి.ఎం.పి.ఓ. అని వ్రాయబడిన అంకెలు చాలమందికి గుర్తుండును. ఒక్క క్షణము మాత్రము ఉండగల శిఖరములను, అన్ని స్పీకర్లకును కలిపి, లెక్కగట్టిన సంఖ్యలవి. కొనువారు అడుగవలసినది ఆర్.ఎం.ఎస్. వాట్లు, దానితోపాటు ఎంత శాతము వికృతి వద్ద ఆ అంకె వచ్చినదను సంగతి. పది శాతము వికృతి వద్ద చెప్పిన వాట్లకు విలువ తక్కువ. యంత్రము వెనుక వ్రాసియుండు విద్యుత్ వినియోగమును కూడ చూడుడు. ఆ అంకెను సామాన్యముగా పూర్తి ధ్వని వద్ద కొలువరు గనుక దానిని తుది తీర్పుగా గొనరాదు. అయినను వినియోగము 60 వాట్లు, ధ్వనిశక్తి 4000 వాట్లు అని వ్రాసియున్నచో, శక్తి నిత్యత్వ నియమము చదివిన విద్యార్థి చిరునవ్వు నవ్వవలెను.

మాటలు తెలియకపోవుటకు ముఖ్య కారణము వేరు. మన ఇండ్లలో సిమెంటు పూత గోడలు, కాంక్రీటు కప్పు, షాబాదు బండలు గాని పలకలు గాని పరచిన నేల. ఇవి ధ్వనిలో నూటికి రెండు మూడు పాళ్లు మాత్రమే పీల్చుకొనును. 1895లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయములో కొత్తగా కట్టిన ఉపన్యాసశాలలో ఒక్క మాటయు తెలియక అధికారులు తల పట్టుకొన్నపుడు, వాలెస్ సాబిన్ అను యువ ఉపాధ్యాయుడు ఆ పని మీద వేసుకొని, రాత్రివేళ పక్కనున్న నాటకశాల నుండి కుర్చీ మెత్తలు మోసుకొని వచ్చి, ఒక్కొక్కటిగా పెంచుచు ప్రతినాదము ఎంతకాలము నిలుచునో కొలిచినాడు. ఆయన కనుగొన్న సూత్రము నేటికిని వాడుకలో ఉన్నది. ఘనమీటర్లలో గది పరిమాణమును 0.161చే గుణించి, మొత్తము శోషణముచే భాగించవలెను. శోషణమునకు ఆయన తీసుకొన్న ప్రమాణము తెరచిన కిటికీ; దానిలోనుండి పోయిన ధ్వని తిరిగి రాదు గదా. మన ఖాళీ గది ఆరు తలముల వైశాల్యము 63 చదరపు మీటర్లు. నూటికి మూడు చొప్పున శోషణము 1.9, ప్రతినాద కాలము దాదాపు మూడు సెకనులు. ఒక అక్షరము చావకముందే పది అక్షరములు వచ్చి పడును. దీనిని అర సెకనుకు దింపుటకు శోషణము 11 కావలెను. మడతలతో వ్రేలాడు దళసరి కర్టెన్లు, పరుపు వేసిన మంచము, మెత్తని సోఫా, నేలపై జంపఖానా, పుస్తకముల బీరువా, నలుగురు మనుష్యులు చేరునప్పటికి అందులో చాలభాగము సమకూరును. చేతులు తట్టి చూడుడు. తట్టిన వెంటనే గలగలమని లోహధ్వని వినిపించినచో ఎదురెదురు గోడలలో ఒకదానికైనను బట్ట కావలెను. ఎక్కువ వెల గల యంత్రముకంటె మంచి కర్టెన్లు ముందు కొనుడని నేను చెప్పుదును.

ఐదు స్పీకర్లా, రెండా? సినిమాలలో సంభాషణ అధికభాగము నడిమి స్పీకరునకే పంపబడును. ఆ స్పీకరు లేనిచో ఆ మాటలను కుడి, ఎడమ స్పీకర్లు సమానముగా పలుకును; సరిగా మధ్యనున్నవానికి అవి తెర నుండి వచ్చినట్లుండును, ప్రక్కన ఉన్నవానికి దగ్గరి స్పీకరులోనుండి వచ్చును. కుటుంబమంతయు వరుసగా కూర్చుండు ఇంటిలో నడిమి స్పీకరు విలువ వెనుక స్పీకర్లకంటె ఎక్కువ. సౌండ్‌బార్ కొనునపుడు అందులో నడుమ ప్రత్యేక స్పీకరు ఉన్నదేమో అడుగవలెను. వెనుక స్పీకర్లతో మరియొక చిక్కు గలదు. ముందు స్పీకరు రెండున్నర మీటర్లు, వెనుకది ఒక మీటరు దూరమున ఉన్నచో, వెనుక ధ్వని సెకనులో వెయ్యవ వంతులు నాలుగు ముందుగా చెవి చేరును. మొదట వచ్చిన ధ్వని దిక్కునే చెవి నమ్మునని 1949లో హెల్ముట్ హాస్ ప్రయోగములు చూపినవి. కావున యంత్రములో దూరములను సరిగా నింపి, దగ్గరి స్పీకరును ఆలస్యము చేయించవలెను. ఆ సదుపాయము లేని యంత్రమును ఈ గదికి కొనవద్దు. కప్పును తాకి మరలు ధ్వనితో పైనుండి వచ్చినట్లు తోపించు స్పీకర్లకు చదునైన గట్టి కప్పు ఉండవలెను. పెంకుటింటి వాలు కప్పు క్రింద ఆ ఖర్చు వ్యర్థము.

మిగిలినది పొరుగువారి సంగతి. ధ్వని పౌనఃపున్యము సగమైనపుడెల్ల గోడ ఆపగల శక్తి సుమారు 6 డెసిబెల్‌లు తగ్గును. అందుచేత మీ సంభాషణ పక్కింటికి వినబడదు గాని సబ్‌వూఫర్ దెబ్బ వారి దిండు వరకు పోవును. మన దేశములో 2000 సంవత్సరపు నియమముల ప్రకారము నివాస ప్రాంతములలో పగలు 55, రాత్రి పది మొదలు ఉదయము ఆరు వరకు 45 డెసిబెల్‌లు పరిమితి. పెద్దల చెవులకు వారమునకు 40 గంటలు 80 డెసిబెల్‌లు, పిల్లలకు 75, సురక్షితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. సబ్‌వూఫర్ క్రింద మెత్తని రబ్బరు పాదములు పెట్టినచో నేలకు పోవు కంపనము కొంత తగ్గును. అయితే ధ్వనిని మొత్తముగా తగ్గించినపుడు చెవికి ముందు మంద్రస్వరములే మాయమగును. ఫ్లెచర్, మన్‌సన్‌లు 1933లో గీసిన వక్రరేఖలు చూపినది ఇదే. రాత్రివేళకని చాల యంత్రములలో ఒక మీట ఉండును. అది పేలుళ్లను తగ్గించి, గుసగుసలను పెంచును. కొనునపుడు అది ఉన్నదో లేదో చూచుకొనుట, ఉన్నచో అంగడిలోనే ఒక మాటల దృశ్యముతో దానిని నొక్కి వినుట మంచిది.