పాత బ్యాటరీలోని లోహములు

కోరుట్లకు పడమటనున్న కోనసముద్రమున పూర్వము కమ్మరులు ఇనుమును మూసలలో కరగించి ఉక్కు చేసెడివారు. దానిని కొనుటకు పారసీక వర్తకులు అంత దూరము వచ్చిరి. కొలిమికి కావలసిన బొగ్గు అడవి కలపను కాల్చి చేసినదే. ఆ కాలమున లోహశుద్ధికి అడవి ఖర్చయినది. నేడు నీటికి ఆ ముప్పు వచ్చినది.

జగిత్యాల, సిరిసిల్ల వీధులలో తిరుగు విద్యుత్ బండ్ల బ్యాటరీలలో లిథియము పెక్కింట ఉండును. కొన్నింట నికెలు, కోబాల్టు కూడ కలవు. ఏండ్ల తరబడి వాడగా బ్యాటరీ శక్తి తగ్గునేగాని అందలి లోహము తరుగదు. దానిని చెత్తకుప్పలో పడవేసిన నిప్పంటుకొని విషవాయువులు వెలువడవచ్చును. అట్టి బ్యాటరీలనుండి లోహములను మరల రాబట్టు పద్ధతిని హైదరాబాదులోని సీ-మెట్ అను ప్రభుత్వ పరిశోధనసంస్థ రూపొందించినది.

సాధారణముగా బ్యాటరీలో మిగిలిన విద్యుత్తును పోగొట్టి, దానిని ముక్కలుచేసి, నల్లని పొడిని వేరుచేయుదురు. పొడిని ఆమ్లములో కరగించి, లోహములను ఒక్కొక్కటిగా విడదీయుదురు. చదువుటకిది సులభము. చిక్కంతయు మిగిలిన నీటితోనే! ఆమ్లముతో కూడిన ఆ నీటిని అట్లే వదలినచో మానేరువంటి యేరు పాడగును. దానిని సున్నముతో విరిచి, శుద్ధిచేసి, మరల వాడుకొను కర్మాగారమునే మంచిదనవలెను.

2022లో కేంద్రప్రభుత్వము చేసిన నిబంధనల ప్రకారము పాత బ్యాటరీలను సేకరింపజేయు బాధ్యత వానిని తయారుచేసినవారిదే. విద్యుత్ బండ్ల బ్యాటరీల పొడిబరువులో 2026-27 నుండి నూటికి 90 పాళ్లు తిరిగి రాబట్టవలెనని అందు విధించిరి.