కిలో తగ్గితే మోకాలికి నాలుగు కిలోల ఊరట

మోకాళ్ల నొప్పులతో బాధపడేవాళ్లకు ముందుగా చెప్పాల్సిన లెక్క ఒకటుంది. ఒంటి బరువు కిలో తగ్గితే, నడకలో వేసే ప్రతి అడుగుకూ మోకాలి మీద పడే భారం దాదాపు నాలుగు కిలోలు తగ్గుతుంది. అమెరికాలోని వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, మోకాళ్లు అరిగిన స్థూలకాయుల నడకను కొలిచి 2005లో ఈ సంగతి ప్రకటించారు. ఐదు కిలోలు తగ్గిన ఇల్లాలికి అడుగుకు 20 కిలోల ఊరట. వంటింటికీ పెరటికీ వీధి గుమ్మానికీ మధ్య ఆవిడ రోజూ ఎన్ని అడుగులు వేస్తుందో ఊహించండి.

తిండి తగ్గించడం మేలా, వ్యాయామం మేలా అన్నది ఆ తర్వాతి ప్రశ్న. 55 ఏళ్లు, అంతకు పైబడిన 454 మందిని మూడు జట్లుగా చేసి ఏడాదిన్నర గమనించారు. ఒక జట్టు తిండి తగ్గించింది, ఒక జట్టు వ్యాయామం చేసింది, మూడోది రెండూ చేసింది. 2013లో ఫలితాలు వచ్చాయి. రెండూ చేసినవాళ్లు సగటున తమ బరువులో 11 శాతం తగ్గారు, నొప్పి దాదాపు సగానికి దిగింది. 80 కిలోల మనిషికి ఇది తొమ్మిది కిలోల లోపే. అంటే నెలకు అరకిలో. కడుపు మాడ్చుకోకుండా అందుకోగలిగిన వేగమే ఇది.

కొవ్వు చేసే చెరుపు బరువుతోనే ఆగదు. వాపును రేపే రసాయనాలను అది రక్తంలోకి వదులుతూ ఉంటుంది. లావుగా ఉన్నవాళ్లలో, ఏ బరువూ మోయని చేతివేళ్ల కీళ్లు సైతం ఎక్కువగా దెబ్బతినడానికి ఇదొక కారణమని వైద్యులు భావిస్తున్నారు.

ఇక కంచం సంగతి. మన ఇళ్లలో మోకాళ్ల నొప్పి అనగానే వంకాయ వాతం, బంగాళాదుంప వాతం, పప్పు వాతం అంటూ పథ్యం మొదలవుతుంది. ఈ కూరలు తింటే మోకాళ్లు అరుగుతాయనడానికి రుజువు లేదు. నన్ను బాధించేది ఏమిటంటే, కూరా పప్పూ మానేసిన పెద్దావిడ కంచంలో అన్నం, పచ్చడి, చారు మాత్రమే మిగులుతాయి. ఆకలి తీరక అన్నం ఇంకో రెండు ముద్దలు ఎక్కువవుతుంది. ఒంట్లో కండ కరుగుతుంది, బరువు మాత్రం తగ్గదు. రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. దీనికి తూకాలు అక్కర్లేదు. ముందు కూర, ముద్దపప్పో గుడ్డో చేపముక్కో వడ్డించుకుని, మిగిలిన చోట అన్నం పెట్టుకుంటే చాలు. జొన్నరొట్టె మంచిదే, కానీ లెక్క లేకుండా తింటే అదీ బరువే. రెండు చెంచాల పంచదారతో రోజుకు నాలుగు టీలు తాగితే 40 గ్రాముల పంచదార, 160 కేలరీలు. వేపుడులో అదనంగా పడే 15 మిల్లీలీటర్ల నూనె 120 కేలరీలు. చాలామందికి కోత మొదలుపెట్టాల్సిన చోటు ఇదే.

కదలిక విషయంలో మన ఇళ్లలో ఇంకా పెద్ద పొరపాటు జరుగుతోంది. ‘గుజ్జు అరిగింది’ అని డాక్టరు అనగానే పిల్లలు ప్రేమకొద్దీ అమ్మను కుర్చీలోంచి లేవనివ్వరు. ఆ గుజ్జుకు, అంటే మృదులాస్థికి, రక్తనాళాలు లేవు. కీలులోని జిగురు ద్రవమే దానికి ఆహారం. కాలు కదిలి, నొక్కుకుని, వదులైతేనే ఆ ద్రవం లోపలికి చేరుతుంది. కూర్చోబెట్టేస్తే తొడ కండరం సన్నబడుతుంది. అప్పుడు అది పంచుకోవాల్సిన భారం కూడా కీలు మీదే పడుతుంది.

కుర్చీలో కూర్చుని ఒక కాలు నేలకు సమాంతరంగా చాపి, తొడ బిగించి, ఐదు లెక్కపెట్టి దించాలి. పదిసార్లయ్యాక రెండో కాలు. అలవాటయ్యాక చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం. చదునైన దారిలో నడక. ‘చేస్తే నొప్పిగా ఉంది, మానెయ్యనా?’ అని అందరూ అడుగుతారు. డెన్మార్క్‌లో 2013లో మొదలై పలు దేశాలకు పాకిన ‘గ్లాడ్’ శిక్షణలో దీనికి ఒక కొలత ఉంది. భరించలేని నొప్పికి 10 మార్కులనుకుంటే, వ్యాయామంలో ఐదు దాకా ఫరవాలేదు. మర్నాటికల్లా అది ఎప్పటి స్థాయికి దిగాలి. దిగకపోతే మోతాదు తగ్గించాలి, మానెయ్యకూడదు. మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు. చేతికర్ర నొప్పి ఉన్న కాలి వైపు కాదు, రెండో వైపు చేతిలో ఉండాలి. ఇది తెలియక కర్ర పట్టుకునీ ఫలితం పొందనివాళ్లు వీధికొకరు కనిపిస్తారు. పీట మీద, నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చోవడం కష్టమైతే పూజైనా వ్రతమైనా కుర్చీలో చేసుకోవచ్చు.

అన్ని కీళ్ల నొప్పులూ ఈ కోవలోవి కావు. పొద్దున లేవగానే గంటకు పైగా కీళ్లు బిగుసుకుపోయి, రెండు చేతుల వేళ్ల కణుపులూ వాస్తే అది రుమటాయిడ్ కీళ్లవాతం కావచ్చు. దానికి మందులు తొందరగా మొదలుపెట్టాలి, ఆలస్యమైతే వేళ్లు వంకర తిరుగుతాయి. రాత్రికి రాత్రే కాలి బొటనవేలు ఎర్రబడి వాస్తే యూరిక్ యాసిడ్ చూపించుకోవాలి.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు కిడ్నీలకూ కడుపుకూ చేటు. బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వాటి జోలికి పోకూడదు. మోకాలికైతే డైక్లోఫెనాక్ జెల్ పైపూతగా ముందు వాడి చూడొచ్చు. ఇవన్నీ చేసినా రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి ఉంటే మోకీలు మార్పిడి మంచి చికిత్సే, దానికి జంకనక్కర్లేదు. ఆపరేషన్‌కు తేదీ ఖరారైనా తొడ వ్యాయామం మాత్రం ఆపకండి. కొత్త కీలుతో లేచి నిలబడాల్సింది ఆ కండరం బలంతోనే.