ప్రక్షిప్తమని తొలగించిన చరిత్ర: క్లాసికల్, బైజాంటైన్ పురావస్తు స్థలాల ఛాయాచిత్రాలను చదివే పద్ధతి

వ్యాస సంగ్రహం:
గ్రీసు, టర్కీ దేశాలలోని ప్రాచీన కట్టడాలను 1839 నుంచి ఛాయాచిత్రాలలో నమోదు చేస్తూ వస్తున్నారు. ఈ చిత్రాలను కట్టడాల యథాతథ ప్రతిబింబాలుగా కాక, తేదీ, లేఖకుడు, ప్రతిపరంపర ఉన్న వ్రాతప్రతులుగా చదవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఏథెన్స్ ఆక్రోపొలిస్, ఇస్తాంబుల్‌లోని హాగియా సోఫియా, మధ్య అనటోలియాలోని బిన్‌బిర్‌కిలిసె ఇందుకు ఉదాహరణలు.

కీలక పదాలు: పురావస్తు ఛాయాచిత్రం, ఆక్రోపొలిస్, బైజాంటైన్ కళ, మొజాయిక్, ప్రక్షిప్తం, పాఠపరిష్కరణ.

ఉపోద్ఘాతం

ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించే పండితునికి ప్రక్షిప్తం ఎప్పుడూ ఎదురయ్యే చిక్కు. మూలకర్తది కాదని తోచిన పద్యాన్ని తీసివేయవచ్చు, కుండలీకరణాలలో ఉంచవచ్చు, అధోజ్ఞాపికలోకి దించవచ్చు. ఏం చేసినా తాళపత్ర ప్రతి గ్రంథాలయంలో మిగిలి ఉన్నంతకాలం, తరువాతి పరిశోధకుడు ఆ నిర్ణయాన్ని తిరగదోడగలడు. కట్టడానికి ఆ వెసులుబాటు లేదు. ఒక గోడ 'తరువాతి కాలపుది' అని కూల్చివేశాక, మళ్ళీ చూసుకోవడానికి మూలప్రతి ఉండదు. మిగిలేది వర్ణన, రేఖాచిత్రం, అదృష్టం ఉంటే ఛాయాచిత్రం.

గ్రీకు, రోమన్ ప్రాచీనతను పాశ్చాత్య విద్యాలోకం 'క్లాసికల్' అంటుంది. కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా 1453 వరకు సాగిన తూర్పు రోమన్ సామ్రాజ్య సంస్కృతిని 'బైజాంటైన్' అంటుంది. గ్రంథాలయాలలో ఈ రెండూ వేర్వేరు బీరువాలలో ఉంటాయి కాని నేల మీద తరచుగా ఒకే చోట, ఒకే గోడలో ఉంటాయి. పందొమ్మిదవ శతాబ్దంలో ఎవరికి ఏ పొర మూలమనిపించిందో, ఏది ప్రక్షిప్తమనిపించిందో చెప్పగల సాక్ష్యం ఆనాటి ఛాయాచిత్రాలలో ఉంది. తెలుగు పాఠపరిష్కరణను బోధించే నాకు ఈ చిత్రాల మీద ఆసక్తి కలగడానికి కారణం ఇదే.

ఆక్రోపొలిస్: ఏది మూలం?

పార్థెనాన్‌ను క్రీ.పూ. 447లో మొదలుపెట్టి 432 నాటికి పూర్తి చేశారు. సుమారు క్రీ.శ. ఆరవ శతాబ్దంలో అది చర్చి అయింది. తూర్పున ఉన్న ప్రధాన ద్వారాన్ని మూసి అక్కడ అర్ధవృత్తాకారపు గర్భకుడ్యం కట్టారు, ప్రవేశాన్ని పడమటికి మార్చారు. బైజాంటైన్ చక్రవర్తి రెండవ బాసిల్ 1018లో బల్గేరియాపై విజయం తరువాత ఏథెన్స్ వచ్చి, ఈ చర్చిలోనే మేరీమాతకు కృతజ్ఞతలు అర్పించాడు. 1460 ప్రాంతంలో అది మసీదుగా మారింది. లెక్క వేస్తే ఎథీనా దేవి ఆలయంగా ఎంతకాలం ఉందో, దాదాపు అంతే కాలం చర్చిగానూ ఉంది. పాఠ్యపుస్తకాలు మాత్రం మొదటి వేయి సంవత్సరాలను చరిత్రగా, తరువాతి వేయి సంవత్సరాలను చరిత్రకు జరిగిన నష్టంగా చెబుతాయి. 1687లో వెనిస్ సైన్యం ప్రయోగించిన గుండు లోపల నిల్వ ఉన్న తుపాకిమందును తాకడంతో భవనం నడుమ భాగం పేలిపోయింది. ఆ శిథిలాల మధ్య ఒట్టోమన్లు ఒక చిన్న మసీదు కట్టుకున్నారు.

స్వతంత్ర గ్రీసు ఏర్పడ్డాక, 1834లో బవేరియా వాస్తుశిల్పి లియో ఫన్ క్లెంజె ఆక్రోపొలిస్‌పై రాజు ఓటో సమక్షంలో జరిగిన ఉత్సవంలో కొండ పునరుద్ధరణకు నాంది పలికాడు. ప్రాచీన గ్రీకులవి కాని కట్టడాలను అనాగరికతకు చిహ్నాలుగా ఎంచి తొలగించాలన్నది ఆ దృష్టి. మరుసటి ఏడాదే ఒట్టోమన్ బురుజును విప్పి, అందులో దొరికిన రాళ్లతో ఎథీనా నీకే ఆలయాన్ని తిరిగి నిలబెట్టడం ప్రారంభించారు. పరిష్కర్త పరిభాషలో ఇది ప్రక్షిప్త పద్యాన్ని కొట్టివేసి, అందులోని పదాలతోనే లుప్తమైన మూలపద్యాన్ని పూరించడం వంటిది. చేసినవారి పాండిత్యాన్ని శంకించనక్కరలేదు. వారు చదవదలచుకున్న కావ్యమే వేరు.

సరిగ్గా ఈ తొలగింపుల నడుమనే కెమెరా వచ్చింది. డాగేర్ తన ప్రక్రియను 1839 ఆగస్టులో పారిస్‌లో ప్రకటించారు. అదే ఏడాది అక్టోబరులో పియేర్ గుస్తావ్ జోలీ ద లోబీన్యేర్ ఏథెన్స్‌లో పార్థెనాన్‌ను చిత్రించాడు. ఆయన తీసిన రేకులు నేడు లేవు. వాటి ఆధారంగా చెక్కిన ముద్రణచిత్రాలు పారిస్‌లో లెరబూర్ ప్రచురించిన సంపుటంలో మిగిలాయి. ఆ ముద్రణలో స్తంభాల మధ్య ఆ చిన్న మసీదు కనబడుతుంది. 1840ల దశకంలో దానిని తొలగించారు. అంటే పార్థెనాన్ తొలి ఛాయాచిత్రమే, ఇప్పుడు మనకు తెలిసిన పార్థెనాన్‌ది కాదు.

ఇంకొక ఉదాహరణ మరింత స్పష్టమైనది. ఆక్రోపొలిస్ ముఖద్వారమైన ప్రొపిలయా నైరుతి మూల మీద 26 మీటర్ల ఎత్తున ఒక చతురస్రపు గోపురం ఉండేది. ఏథెన్స్‌ను ఏలిన ఫ్లారెన్స్ వంశీయులైన అచ్చాయువోలి ప్రభువుల కాలంలో, ప్రాచీన శిలలతోనే కట్టినదిగా దానిని భావిస్తారు. అమెరికన్ ఛాయాచిత్రకారుడు విలియం స్టిల్‌మన్ 1869లో తీసి, మరుసటి ఏడాది సంపుటంగా వెలువరించిన చిత్రాలలో ఈ గోపురం కొండ రేఖను శాసిస్తూ నిలుచుంటుంది. 1875లో దానిని పడగొట్టారు. ఖర్చు భరించినది ట్రాయ్ తవ్వకాలతో ప్రసిద్ధుడైన హైన్రిక్ ష్లీమన్. ఒక పొరను తవ్వి తీయడంలో పేరు పొందిన వ్యక్తి మరొక పొరను చెరపడానికి డబ్బిచ్చాడన్నది కాకతాళీయంగా అనిపించదు. ఆంగ్ల చరిత్రకారుడు ఎడ్వర్డ్ ఫ్రీమన్ ఈ చర్యను తీవ్రంగా నిరసించాడు. 1875కు ముందు, తరువాత తీసిన చిత్రాలను పక్కపక్కన ఉంచితే, తేదీ లేని ఆక్రోపొలిస్ చిత్రానికి కాలం నిర్ణయించడానికి ఆ గోపురమే మొదటి ఆధారం. లుప్తమైన కట్టడం అలా కాలనిర్ణయానికి సాధనంగా మారింది.

స్టిల్‌మన్ గురించి ఇంకొంత చెప్పాలి. పార్థెనాన్ స్తంభాలు నిలిచిన పై మెట్టు చదునుగా ఉండదు. దాదాపు 31 మీటర్ల తూర్పు ముఖంలో నడిమి భాగం సుమారు 6 సెంటీమీటర్లు పైకి లేచి ఉంటుంది. ఫ్రాన్సిస్ పెన్‌రోజ్ దీనిని 1840లలో కొలిచి 1851లో ప్రచురించాడు. కంటికి ఆనని ఈ వంపును స్టిల్‌మన్ కెమెరాను మెట్టు అంచుకు సమంగా దించి, రేఖ వెంబడి చూపు సాగేలా పట్టుకున్నాడు. సంఖ్య చెప్పలేని విధంగా ఆ చిత్రం విషయాన్ని చూపుతుంది. ఎక్కడ నిలబడి తీయాలన్న నిర్ణయంలోనే వాదం ఇమిడి ఉన్న చిత్రమిది.

ఇన్ని తొలగింపుల తరువాత కూడా బైజాంటైన్ పొర పూర్తిగా పోలేదు. పార్థెనాన్ స్తంభాల మీద ఏడవ శతాబ్దం చివరి నుంచి గీసిన గ్రీకు లిఖితాలు రెండు వందలకు పైగా ఉన్నాయి. బిషప్పుల మరణ తేదీలు, ప్రార్థనలు వాటిలో ఉన్నాయి. పాలరాతి మీద సన్నని గీతలవి. మధ్యాహ్నపు ఎండలో కనిపించవు. వెలుగు రాతి ఉపరితలానికి దాదాపు సమాంతరంగా, ఒక పక్క నుంచి పడినపుడు మాత్రమే గీతలో నీడ పడి అక్షరం తేలుతుంది. తడి కాగితాన్ని శాసనానికి అద్ది, సిరా పూసి నకలు తీసిన మన శాసన పరిశోధకులకు ఈ అనుభవం కొత్త కాదు. ఇపుడు దీపాన్ని వివిధ కోణాలలో మార్చుతూ అనేక చిత్రాలు తీసి, కంప్యూటరులో వెలుగు దిశను ఇష్టమైనట్లు తిప్పి చదివే పద్ధతి కూడా వచ్చింది. టామ్ మాల్జ్‌బెండర్, ఆయన సహచరులు 2001లో దీనిని ప్రకటించారు.

లేఖకుని చేతివాటం

వ్రాతప్రతిలో లేఖక దోషాలుంటాయని అందరికీ తెలుసు. ఛాయాచిత్రంలో కూడా ఉంటాయి. అద్దమో పట్టకమో వాడనిపక్షంలో డాగేర్ రేకు మీద దృశ్యం కుడి ఎడమలు తారుమారై పడుతుంది. దాని నుంచి ముద్రణచిత్రం చెక్కినవాడు సరిచేశాడో లేదో చూడకుండా దిక్కులు నిర్ణయించడం ప్రమాదకరం. 1851 తరువాత వచ్చిన తడి కొలోడియన్ పద్ధతిలో గాజు పలక తడి ఆరేలోగా చిత్రం తీసి, పక్కనే వేసుకున్న చీకటి గుడారంలో కడగాలి. ఆ రసాయనం నీలం రంగుకు అతిగా స్పందించడం వల్ల ఆకాశం తెల్లగా ఖాళీ అయిపోతుంది. పందొమ్మిదవ శతాబ్దపు శిథిలాలు శూన్యంలో ఒంటరిగా నిలిచినట్లు కనబడడంలో కవిత్వం కొంత, రసాయనం కొంత. ఎక్కువసేపు వెలుగు పడవలసి రావడంతో, కదిలే మనుషులు పలక మీద నిలవలేదు. సంత జరుగుతున్న వీధి కూడా నిర్జనంగా కనిపిస్తుంది. దీనిని పరిత్యక్త నగరానికి సాక్ష్యంగా తీసుకున్న పాఠకులు లేకపోలేదు.

ఇదే కాలంలో తెలుగునేలకు చెందిన శిల్పాలు కూడా కెమెరా ముందుకు వచ్చాయి. వాల్టర్ ఇలియట్ 1845లో అమరావతిలో తవ్వించి మద్రాసుకు తరలించిన ఫలకాలను లినేయస్ ట్రైప్ 1858లో మద్రాసులో చిత్రించాడు. మరుసటి ఏడాది ఆ ఫలకాలు లండన్‌కు ప్రయాణం కట్టాయి. పార్థెనాన్ చిత్రాలలో కట్టడం ఉంది, అందులోని కొన్ని పొరలు లేవు. ట్రైప్ చిత్రాలలో ఫలకాలు ఉన్నాయి, స్తూపం లేదు. ఏ రాయి ఏ రాయి పక్కన ఉండేదో ఆ చిత్రాలు ఒంటరిగా చెప్పలేవు.

బంగారపు గోడ

హాగియా సోఫియాకు వచ్చేసరికి సమస్య తిరగబడుతుంది. ఇక్కడ తొలగించినది పై పొర, బయటపడినది బైజాంటైన్ పొర. 537లో ప్రతిష్ఠించిన ఈ చర్చి 1453లో మసీదైంది. మనుష్యరూప మొజాయిక్‌లు కాలక్రమంలో సున్నం కిందికి వెళ్లాయి. 1847 నుంచి 1849 వరకు మరమ్మతులు చేసిన స్విట్జర్లాండ్ సోదరులు ఫొస్సాటీలు వాటిని బయటపెట్టి, చిత్రాలు గీసుకొని, మళ్ళీ కప్పేశారు. అదే సమయంలో విల్‌హెల్మ్ జాల్‌ట్సెన్‌బెర్గ్ గీసినవి 1854లో అచ్చయ్యాయి. అప్పుడు కనిపించిన మొజాయిక్‌లలో కొన్ని నేడు లేవు. వాటికి ఆ గీతలే దిక్కు. గీతకారుడు శిథిలమైన చోట్లను తన ఊహతో పూరిస్తే, పూరణ ఎక్కడ మొదలైందో తెలిసే దారి లేదు.

టామస్ విట్‌మోర్ నాయకత్వంలోని అమెరికా బైజాంటైన్ సంస్థ 1931లో టర్కీ ప్రభుత్వ అనుమతితో పని మొదలుపెట్టినపుడు ఈ పాఠం గుర్తుంచుకుంది. సున్నం తొలగించే దశలను కెమెరాతో నమోదు చేశారు. గోడ మీద కాగితం పెట్టి నకళ్లు తీశారు. అచ్చులు పోసి రంగులు వేశారు. ఈ దస్తావేజులలో అధికభాగం నేడు వాషింగ్టన్‌లోని డంబార్టన్ ఓక్స్‌లో ఉంది. నా దృష్టిలో ఆ ప్రాజెక్టు గొప్పతనం బయటపడిన బొమ్మలలో ఎంత ఉందో, బయటపడుతున్న క్రమాన్ని దాచిపెట్టిన తీరులోనూ అంతే ఉంది.

మొజాయిక్‌ను చిత్రించడం మాత్రం తేలిక కాదు. బంగారు రేకును గాజు పొరల మధ్య పొదిగిన చిన్న ఘనాలను గోడలో సమంగా కాక కొద్దికొద్దిగా వాల్చి దిగవేస్తారు. కిటికీ వెలుగు, దీపపు మినుకు వాటి మీద పడి, చూసేవాడు కదిలినకొద్దీ కాంతి కూడా కదులుతుంది. ఒక్క బలమైన దీపంతో ఎదురుగా తీస్తే గోడ పసుపు పులిమినట్లుంటుంది, లేదా మెరుపులో ముఖం కనబడదు. పుస్తకాలలో మనం చూసే సమమైన, నిశ్చలమైన బంగారు నేపథ్యం ఆ గోడకు చెందినది కాదు, దీపాలు అమర్చినవారికి చెందినది. బొమ్మల వరుసను, పగుళ్లను, మరమ్మతులను చదవడానికి ఆ చిత్రమే మేలు. భక్తుడు ఏం చూశాడో తెలుసుకోవడానికి అది పనికిరాదు. రెండు అవసరాలకు రెండు చిత్రాలు కావాలి. ఒకదానిని రెండవదాని స్థానంలో ఉదాహరించడం మన పరిశోధన వ్యాసాలలో తరచుగా కనబడే దోషం. 2020లో మళ్ళీ మసీదైన ఈ భవనంలో, ప్రార్థన వేళ గర్భకుడ్యంలోని మేరీమాత బొమ్మకు తెర వేస్తారు. తెర ఉన్న చిత్రం కూడా ఒక కాలపు ప్రతే.

బిన్‌బిర్‌కిలిసె: చూడకుండా రాసినది, చూసి తీసినది

టర్కీలోని కరమన్ పట్టణానికి ఉత్తరంగా, కరదా పర్వతం మీద శిథిల చర్చీల సమూహం ఉంది. పేరుకు 'వెయ్యిన్నొక్క చర్చీలు' అని అర్థం. కళాచరిత్రకారుడు యోసెఫ్ స్ట్రిగోవ్‌స్కీ 1903లో ఆసియా మైనర్ వాస్తుకళపై ప్రచురించిన గ్రంథంలో, ఇతరులు సేకరించిన చిత్రాలను, కొలతలను ఆధారం చేసుకొని ఒక పెద్ద సిద్ధాంతం కట్టాడు. గెర్ట్రూడ్ బెల్ 1905లో అక్కడికి వెళ్లింది, 1907లో విలియం రామ్‌సేతో కలిసి మళ్ళీ వెళ్లి పనిచేసింది. వారి ఉమ్మడి గ్రంథం 1909లో వెలువడింది. కాలనిర్ణయాలపై తరువాతి పండితులు వారితో విభేదించారు. చిత్రాల విలువ మాత్రం తగ్గలేదు. గ్రామస్థులు ఇళ్లకు రాళ్లు తీసుకుపోవడం వల్ల, ఆమె చిత్రించిన గోడలలో చాలా భాగం నేడు నిలిచి లేదు. ఆమె చిత్రాలు న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. ఈ భాండాగారం 2017లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేరింది.

ఆ చిత్రాలను ఉపయోగపడేలా చేసినవి ఎంతో చిన్న విషయాలు. తేదీ ఉంది, చోటు ఉంది, అదే రోజున రాసిన దినచర్య, ఇంటికి పంపిన ఉత్తరం ఉన్నాయి. పరిశోధన రోజులలో నేను ఒక శిథిల మండపపు స్తంభాలను ఫోనుతో తీసుకున్నాను. కొలబద్ద పెట్టలేదు, ఏ స్తంభం ఏ వరుసలోనిదో రాసుకోలేదు. రెండేళ్ల తరువాత వెళితే అన్నింటికీ సున్నం కొట్టి ఉంది. నా దగ్గర ముప్పై చిత్రాలున్నాయి. వాటి నుంచి ఒక్క వాక్యం కూడా ఉదాహరించలేకపోయాను. ఒకదానితో ఒకటి సగానికి మించి కలిసేలా తీసిన చిత్రాల నుంచి కంప్యూటరు త్రిమితీయ నమూనా నిర్మించే పద్ధతి ఇపుడు విద్యార్థులకు కూడా అందుబాటులో ఉంది. కాని కొలబద్ద లేకపోతే ఆ నమూనాకు రూపమే ఉంటుంది, పరిమాణం ఉండదు.

బెల్ తన చిత్రాలలో తరచుగా ఒక మనిషిని గోడ పక్కన నిలబెట్టేది. గుమ్మం ఎంత ఎత్తో, తోరణం ఎంత వెడల్పో ఆ శరీరాన్ని బట్టి తెలుస్తుంది. 1905 నుంచి ఆమె ప్రయాణాలకు అలెప్పోకు చెందిన ఫత్తూహ్ తోడుగా ఉండేవాడు. ఆమె ఉత్తరాలలో, దినచర్యలలో అతని ప్రస్తావన పదే పదే వస్తుంది. ఆ ప్రస్తావనల తేదీలను చిత్రాల తేదీలతో కలిపి చూస్తే, కొలబద్దలా నిలిచిన వారిలో కొందరికైనా పేరు దొరికే అవకాశం ఉంది.