చీకటిలో వేట: గబ్బిలము - ప్రతిధ్వని

పొద్దు గ్రుంకగానే గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాలలోని పత్తి చేలమీద, మిరప కల్లములమీద, ఊరి చెరువులమీద చిన్న గబ్బిలములు తిరుగుచుండుట మనము చూచుచునే యుందుము. అవి తిన్నగా ఎగురవు. ఒకమారు క్రిందికి వాలును, మరుక్షణమున ప్రక్కకు మరలును. దారితప్పి తిరుగుచున్నట్లు చూచువారికి తోచును. నిజమునకు ఆ మలుపులలో పెక్కింటి వెనుక ఒక పురుగు వేట యున్నది. కటిక చీకటిలో ఎగురుచున్న పురుగును, తానును ఎగురుచునే పట్టుకొనుట ఎట్లు సాధ్యము? ఈ ప్రశ్నకు జవాబు దొరకుటకు దాదాపు నూటయేబది సంవత్సరములు పట్టినది.

గబ్బిలము పక్షి కాదు. పిల్లలను కని పాలిచ్చు క్షీరదము. చింత, మఱ్ఱి చెట్లకు గుంపులుగా వ్రేలాడు పెద్ద గబ్బిలములు పండ్లు తిని బ్రతుకును. వానికి కంటిచూపు, వాసన చాలును. ఇక్కడ చెప్పబోవు విద్య వానికి లేదు. పాత కోటగోడల పగుళ్ళలో, గుడి గోపురములలో, కొండగుహలలో, తాటిమట్టల సందులలో పగలు దాగియుండు చిన్న గబ్బిలములే పురుగులను వేటాడునవి.

మూతబడిన కండ్లు, మూతబడిన చెవులు

ఇటలీ శాస్త్రజ్ఞుడు స్పలాంజానీ 1793లో ఈ విషయమును పరిశోధింప మొదలిడెను. కటిక చీకటి గదిలో గుడ్లగూబ గోడలకు కొట్టుకొనెను. గబ్బిలము మాత్రము నిరాటంకముగా ఎగిరెను. చూపు పోగొట్టిన గబ్బిలములు సైతము దారములకు తగులక ఎగిరినవి, పురుగులను పట్టి తినినవి. 1794లో జెనీవా నగర వైద్యుడు జురీన్ గబ్బిలముల చెవులను మూసి చూచెను. అవి ఎదురైన ప్రతిదానికి కొట్టుకొనినవి. చెవులకును దారి తెలియుటకును సంబంధమున్నదని స్పష్టమైనది. కాని గబ్బిలము ఎగురునపుడు ఏ ధ్వనియు మనకు వినబడదు కదా! అందుచే ఈ సంగతిని చాలమంది నమ్మలేదు.

1938లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థి డొనాల్డ్ గ్రిఫిన్, భౌతికశాస్త్రాచార్యుడు పియర్స్ నిర్మించిన పరికరము ముందు గబ్బిలముల నుంచెను. మనుష్యుని చెవి సెకనుకు సుమారు 20,000 కంపనముల వరకే వినగలదు. ఆ పరికరము అంతకు మించిన ధ్వనులను పట్టగలదు. నిశ్శబ్దమనుకొన్న గబ్బిలము నిజమునకు ఎడతెగక అరచుచున్నదని తేలినది. పిమ్మట గ్రిఫిన్, గాలంబోస్ కలసి, చెవులు మూసినను నోరు మూసినను గబ్బిలము దారితప్పునని నిరూపించిరి. నోటితో కేకవేసి, తిరిగివచ్చు ప్రతిధ్వనిని చెవితో విని అది ఎదుటి వస్తువును తెలిసికొనుచున్నది.

అంత సన్నని కేక ఎందుకు?

చెరువులో అల వచ్చి తామరకాడకు తగిలిన, కాడ లేనట్లే దాటిపోవును. అదే అల గట్టుకు తగిలిన తిరిగివచ్చును. అలపొడవుకంటె మిక్కిలి చిన్నదైన వస్తువు దానిని సరిగా మరలింపజాలదు. ధ్వనియు నంతే.

మన వేసవి రాత్రి 30 డిగ్రీల వేడిమిలో ధ్వని సెకనుకు సుమారు 350 మీటర్లు పోవును. సెకనుకు 1,000 కంపనములు గల ధ్వని తరంగదైర్ఘ్యము 35 సెంటీమీటర్లు. రెక్కల పురుగునుండి అది సరిగా మరలిరాదు. కంపనములు 50,000 అయినచో తరంగదైర్ఘ్యము 7 మిల్లీమీటర్లే. ఇది పురుగుకు తగిన కొలత. అయితే ఇట్టి సన్నని ధ్వనిని గాలి త్వరగా పీల్చివేయును. కనుకనే గబ్బిలమునకు చిన్న పురుగు కొద్ది మీటర్ల దూరములోనే తెలియును.

దూరము తెలియుటకు కాలమే కొలబద్ద. ప్రతిధ్వని సెకనులో నూరవవంతు కాలమునకు వచ్చినచో, ధ్వని పోవుట, వచ్చుట కలిపి 3.5 మీటర్లు, పురుగు 1.75 మీటర్ల దూరమున నున్నది. ప్రక్క తెలియుటకు రెండు చెవులకు చేరిన ధ్వనులలోని భేదము తోడ్పడును. వెదకునపుడు సెకనుకు పది కేకలు వేయు గబ్బిలము పురుగును సమీపించినకొలది వానిని పెంచి, చివర దాదాపు 200 వరకు వేయును. కేక పొడవును తగ్గించును. లేనిచో కేక ముగియకముందే ప్రతిధ్వని వచ్చి రెండును కలిసిపోవును. తన కేకకు తన చెవులే గింగురెత్తకుండ, కేకవేయు క్షణమున మధ్యచెవిలోని చిన్న కండరము బిగిసి ధ్వనిని తగ్గించును.

పురుగు ఊరకుండునా? చాల జాతుల రెక్కల పురుగులకు రొమ్ము ప్రక్కల చెవులు కలవు. ఒక్కొక్క చెవిలో రెండే శ్రవణకణములు. అయినను దూరపు కేక విని పురుగు ప్రక్కకు తప్పుకొనును. కేక దగ్గరైనచో రెక్కలు ముడిచి నేలకు రాలును.

రైతుకు దీనితో నేమి?

1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ, శనగపచ్చ పురుగు నాశనము చేసినవి. ఎన్నిమార్లు మందు చల్లినను పురుగు లొంగలేదు. అప్పులపాలై పలువురు రైతులు ప్రాణములు తీసికొనిరి. ఈ శనగపచ్చ పురుగు పెరిగి, రాత్రివేళ ఎగురు రెక్కల పురుగగును. ఒక్క ఆడపురుగు వందలకొలది గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లు పెట్టకముందే దానిని గబ్బిలము పట్టినచో ఆ గ్రుడ్లన్నియు లేనట్లే.

ఈ పురుగునకు దగ్గరి చుట్టమైన మరియొక పురుగు అమెరికాలోని టెక్సాస్ పత్తిని తినును. అచ్చటి గుహలలోని లక్షలకొలది గబ్బిలములు దానిని వేటాడుటవలన 8 కౌంటీల పత్తికి ఏటేట సుమారు 7,41,000 డాలర్ల మేలు కలుగుచున్నదని 2006లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి.

కాని గబ్బిలము సర్వరోగనివారిణి కాదు. కాయలో దాగిన పురుగు దానికి అందదు. 2021లో మన మిరపతోటలను ముంచిన నల్ల తామరపురుగు పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. 7 మిల్లీమీటర్ల తరంగమునకు అది చెరువులోని తామరకాడ వంటిది. కనుక గబ్బిలములున్నవని రైతు పైరును గమనించుట మానరాదు. పొగబెట్టి వానిని తరిమివేయనురాదు. వానిని చేతితో పట్టుకొనుటయు మంచిది కాదు.

ఉపాధ్యాయులు ఈ పాఠమును బడి ఆవరణలోనే చూపవచ్చును. పెద్ద గోడకు 50 మీటర్ల దూరమున నిలిచి, ప్రతిధ్వని వినబడిన క్షణముననే మరల చప్పట్లు కొట్టవలెను. మొదటి చప్పటిని సున్నగా లెక్కించి, ఇరువదియవ చప్పటి వరకు పట్టిన కాలమును గడియారముతో చూడవలెను. ధ్వని అప్పటికి 2,000 మీటర్లు నడచినది. ఆ దూరమును కాలముచే భాగించిన, గబ్బిలము ప్రతిరాత్రి వాడుకొను ధ్వనివేగము విద్యార్థుల చేతికే వచ్చును.