చక్కెర కర్మాగారాల వ్యర్థజల నియంత్రణలో సిబ్బంది పరిజ్ఞానం, యాజమాన్య పద్ధతుల పాత్ర

చెరకు బరువులో సుమారు 70 శాతం నీరే. రసాన్ని మరిగించగా వెలువడే ఆవిరి చల్లబడి తిరిగి నీరుగా లభిస్తుంది. దానిని పునర్వినియోగించుకుంటే కర్మాగారానికి బయటి నీటి అవసరం ఎంతో తగ్గుతుంది. కేంద్ర ప్రభుత్వం 2016లో వ్యర్థజల పరిమితిని టన్ను చెరకుకు 400 లీటర్ల నుండి 200 లీటర్లకు తగ్గించింది. ఈ పరిమితిని పాటించడానికి యంత్రాలు మాత్రమే చాలవు.

బాష్పీకరణ పాత్రలలో రసం మట్టం మితిమీరితే ఆవిరితోపాటు చక్కెర కూడా తుంపరలుగా కొట్టుకుపోతుంది. తత్ఫలితంగా చక్కెర నష్టపోవడమే గాక, నీటిలో జీవరసాయన ఆక్సిజన్ అవసరం (బి.ఓ.డి.) పెరుగుతుంది. ఆల్ఫా-నాఫ్థాల్ పరీక్షలో ఏర్పడే ఊదారంగు వలయం నీటిలో చక్కెర ఉనికిని తెలుపుతుంది. ఆ ఫలితం ప్రయోగశాల పుస్తకంలోనే మిగిలిపోతే ప్రయోజనం లేదు. పాత్ర వద్ద పనిచేసే కార్మికునికి దాని అర్థం తెలియాలి. వెంటనే మట్టాన్ని సరిచేసే అధికారమూ ఉండాలి.

ఆ అధికారాన్ని కల్పించవలసినది యాజమాన్యమే. రోజుకు ఎన్ని టన్నుల చెరకు ఆడించారన్నదే ఏకైక కొలమానమైన చోట, కారుతున్న పంపును ఆపడానికి ఎవరూ సాహసించరు. విభాగాలవారీగా నీటి మీటర్లు, షిఫ్టువారీ నమోదు, లోపాన్ని తెలియజేసిన వారిని శిక్షించని విధానం ఇందుకు అవసరం. ఐ.ఎస్.ఓ. 14001:2015 ప్రమాణం సైతం సిబ్బంది సామర్థ్యాన్ని, అవగాహనను సంస్థ బాధ్యతగానే పేర్కొంటుంది.

కర్మాగారంలోని లోపాల భారం చివరకు పరిసర పొలాలపై పడుతుంది. భూమిపైకి వదిలే నీటిలో బి.ఓ.డి. లీటరుకు 100 మిల్లీగ్రాములు మించరాదు. ఆ నీటిని సాగుకు సిఫారసు చేసే ముందు విస్తరణ శాస్త్రవేత్తలు నీటి నమూనాతోపాటు షిఫ్టు నమోదులను కూడా పరిశీలించడం సముచితం. నమూనా ఒకనాటి స్థితిని మాత్రమే తెలుపుతుంది. నమోదులు గానుగ కాలమంతటి పనితీరును తెలుపుతాయి.