వెల్ అను మాట, ఊరు అను మాట

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో, బావి యన్న ఎరుగని పిల్లవాడుండడు. వానకై ఆకాశము వంక చూచు నేలలో బావి అడుగున నీటిచెమ్మ కనబడుటయే పండుగ. అట్టి పిల్లవాడు ఆంగ్లవాచకములో 'వెల్' అను మాటకు బావి యను అర్థమును ఒక్కసారి చెప్పిన మరువడు. మరునాడు 'షి సింగ్స్ వెల్' అను వాక్యము వచ్చును. ఆమె బావిని పాడుచున్నదా? పిల్లవాడు తెల్లబోవును.

తప్పు వానిది కాదు. మాటకొక భాషాభాగమును అంటగట్టి వల్లె వేయించుటలోనే చిక్కున్నది. 'ది వెల్ ఈజ్ డీప్' అన్నప్పుడు ఆ మాట నామవాచకము. 'షి సింగ్స్ వెల్' అన్నప్పుడు క్రియావిశేషణము. చక్కగా అని అర్థము. 'హి ఈజ్ వెల్' అన్నచో విశేషణము. అతడు కులాసాగా ఉన్నాడని భావము. 'వెల్, లెట్ అస్ గో' అన్నచోట మన 'సరే' వంటి అవ్యయము. కన్నుల నీరుబికినప్పుడు 'టియర్స్ వెల్డ్ అప్' అందురు, అప్పుడది క్రియ. నిజమునకు ఇచ్చట ఉన్నవి రెండు మాటలు. బావి యను నామమును, ఉబుకు అను క్రియయు ఒక కుదురునుండి వచ్చినవి. తక్కినవి మరియొక కుదురువి. ప్రాచీనాంగ్లములో వేరుగా నున్న రూపములు కాలక్రమమున ఒక్కటైనవి.

ఇంగ్లీషు వింతభాష యని నవ్వుకొనుటకు ముందు తెలుగు వంక చూడవలెను. క్రియయైన ఆ 'వెల్'నకు సరియైన తెలుగు మాట 'ఊరు'. బావిలో నీరూరును. చింతకాయను చూచిన నోరూరును. ఉప్పులో ఊరిన కాయ ఊరగాయ. మరి నెల్లూరు, ఆత్మకూరు పేరుల చివర వినబడు 'ఊరు' గ్రామము.

సాధారణముగా ప్రత్యయము చేరగనే సందేహము తీరును. ఊరికి, ఊరిలో అన్న నామము. ఊరును, ఊరినది అన్న క్రియ. కాని 'ఊరి' అన్నచోట ఆ ఆధారమును లేదు. 'ఊరి బావి నిండినది' అన్న గ్రామపు బావి. 'నీరు ఊరి బావి నిండినది' అన్న నీరు ఊరుటచేత నిండిన బావి. చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) చదివినవారు మొదటిదానిని ఔపవిభక్తిక రూపమనియు, రెండవదానిని క్త్వార్థకమనియు చెప్పుదురు. అక్షరములు మాత్రము అవే. ముందు వచ్చి చేరిన 'నీరు' అను ఒక్క మాట నామమును క్రియగా మార్చినది.

పూర్వులకు ఈ చిక్కు లేదు. వారు గ్రామమును సాధురేఫముతో 'ఊరు' అనియు, నీరు ఊరుటను శకటరేఫముతో 'ఊఱు' అనియు వ్రాసిరి. పొరుగున తమిళుల వ్రాతలో ఆ భేదము నేటికిని నిలిచియున్నది. మన బడిపుస్తకములనుండి బండిఱ తొలగగనే రెండు మాటలకు ఒకే వేషము వచ్చినది. ఆంగ్లమున 'వెల్'నకు జరిగినదియు దాదాపు ఇదియే.

ఇట్లుండగా, మాటను ఒంటరిగా ఇచ్చి ఇది ఏ భాషాభాగమని పరీక్షలో అడుగుటయు, రెండవ జవాబు వ్రాసినవానికి సున్న వేయుటయు అన్యాయము. ఉపాధ్యాయుడు బావిని గూర్చిన ఆ రెండు తెలుగు వాక్యములను నల్లబల్లపై వ్రాసి, 'ఊరి' క్రింద గీత గీసి, ఇచ్చట ఈ మాట ఏమి పని చేయుచున్నదని అడిగిన చాలును. మెట్టపిల్లలు తడుముకొనక చెప్పుదురు. 'వెల్' పాఠము ఆ తరువాత.